నాలుగు ట్రాకులు, పది గొంతులు

మిక్సీ లేని తెలుగిల్లు ఉండదు. మిక్సర్ అనగానే మాత్రం మనకి సినిమా పాటల రికార్డింగ్ థియేటర్ గుర్తొస్తుంది. అద్దాల గది, పెద్ద బల్ల, దాని నిండా నాబ్‌లు, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఇంజనీరు. ఆ బల్లని బాగా చిన్నది చేసి, పక్కనే ఒక క్యాసెట్ డెక్ బిగించి, చేత్తో మోసుకుపోగలిగే పెట్టెగా 1979లో అమ్మకానికి తెచ్చింది జపాన్ కంపెనీ టియాక్. దాని పేరు పోర్టాస్టూడియో 144. స్టూడియోకి గంటల లెక్కన అద్దె కట్టలేనివాళ్ళు తమ ఇంటి గదిలోనే ఒకదానిమీద ఒకటి నాలుగు గొంతులు, వాద్యాలు పేర్చుకునే వీలు దానితో వచ్చింది. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 మొదట్లో న్యూజెర్సీలోని ఇంట్లో ఈ పెట్టె ముందు కూర్చుని కొన్ని పాటలు పాడుకున్నాడు. తర్వాత వాటిని బ్యాండుతో స్టూడియోలో మళ్ళీ చేయించి చూశాడు, నచ్చలేదు. చివరికి ఆ ఇంటి క్యాసెట్టునే ఆ ఏడాది ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదల చేశాడు.

పెట్టె జపానుదే. కానీ దాని మీద ఉన్న నాబ్‌లలో కొన్నిటి వెనకున్న ఆలోచన పుట్టింది ఇక్కడ, బ్రిటన్‌లో. ఇప్పటికీ ఇక్కడి కార్ బూట్ సేల్స్‌లో, చారిటీ షాపుల్లో అప్పుడప్పుడు ఇలాంటి పెట్టె ఒకటి కంటబడుతుంది. టాస్కామ్‌దో, ఫోస్టెక్స్‌దో, యమహాదో అయి ఉంటుంది. కొనుక్కుని ఇంటికి తెచ్చాక మొదట వచ్చే ప్రశ్న, ఇన్ని నాబ్‌లలో ఏది దేనికని. వాటితో కాస్త పరిచయమయ్యాక అసలు ప్రశ్న వస్తుంది: ఏ నిర్ణయాన్ని తర్వాత మార్చుకోవచ్చు, ఏది ఇక మార్చలేం?

ఒక టేపు, నాలుగు దారులు

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టులో టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపే. మామూలు స్టీరియో క్యాసెట్టులో ఆ వెడల్పుని నాలుగు దారులుగా పంచుతారు. రెండు దారులు ఎ సైడుకి, రెండు బి సైడుకి. మల్టీట్రాక్ యంత్రం ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడుకుంటుంది. అందుకే దీనికి బి సైడ్ ఉండదు. పైగా 144 లాంటి యంత్రాలు టేపుని రెట్టింపు వేగంతో, అంటే సెకనుకి సుమారు 9.5 సెంటీమీటర్ల చొప్పున తిప్పుతాయి. శబ్దం మెరుగ్గా వస్తుంది, టేపు త్వరగా అయిపోతుంది. గంటసేపు రావలసిన సి-60 క్యాసెట్టు పావుగంటకే పూర్తవుతుంది. 1983 నాటి ఫోస్టెక్స్ ఎక్స్-15 లాంటి చవక మోడళ్ళు మామూలు వేగంతోనే నడిచేవి.

మరో ముఖ్యమైన సంగతి ఉంది. రికార్డు చేసే హెడ్డే ముందు రికార్డైన ట్రాకుల్ని వినిపిస్తుంది కూడా. అందుకే మొదటి ట్రాకులో తబలా వింటూ రెండో ట్రాకులో పాడితే రెండూ తాళం తప్పకుండా కలిసే ఉంటాయి. ఈ యంత్రం ప్రయోజనమంతా అక్కడే ఉంది.

ట్రిమ్, ఫేడర్: లోపలికి ఎంత, బయటికి ఎంత

ప్రతి ఛానెల్ పైభాగంలో ట్రిమ్ లేదా గెయిన్ అనే నాబ్ ఉంటుంది. కింద పైకీ కిందకీ జరిగేది ఫేడర్. రెండూ శబ్దాన్ని పెంచేవే కాబట్టి కొత్తవాళ్ళు ఏదో ఒకటి తిప్పేస్తారు. కానీ వాటి పనులు వేరు. మైకులోంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని యంత్రం పని చెయ్యగల స్థాయికి తెచ్చేది ట్రిమ్. అలా వచ్చినదాన్ని ఎంత ముందుకి పంపాలో చెప్పేది ఫేడర్.

ముందుగా ఫేడర్లని, మాస్టర్ ఫేడర్‌ని పది అంకెల్లో ఏడు, ఎనిమిది దగ్గర పెట్టండి. చాలా యంత్రాలమీద అక్కడ రంగు పట్టీ కూడా ఉంటుంది. తర్వాత పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటుని పాడించండి. పల్లవి మొదలు కాదు, అనుపల్లవిలో పైస్థాయికి వెళ్ళే చోటు. అప్పుడు మీటరు ముల్లు సున్నా దగ్గర ఆడుతూ అప్పుడప్పుడు కాస్త ఎర్రలోకి వెళ్ళేలా ట్రిమ్ తిప్పండి. మరీ తగ్గిస్తే టేపుకి సహజంగా ఉండే బుసబుస గొంతుని మించిపోతుంది. మరీ పెంచితే గొంతు పగులుతుంది. డిజిటల్ రికార్డింగులో హద్దు దాటితే మొత్తం చెడిపోతుంది గానీ, టేపు కొంచెం ఓర్చుకుంటుంది.

ఆ బుసని తగ్గించే ఉపాయంతో మనదేశానికీ ఒక ముడి ఉంది. రే డాల్బీ అమెరికన్. కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసి, 1963 నుంచి రెండేళ్ళు యునెస్కో తరఫున సాంకేతిక సలహాదారుగా భారత్‌లో పనిచేశాడు. తిరిగి వచ్చి 1965లో లండన్‌లో డాల్బీ లేబొరేటరీస్ స్థాపించాడు. రికార్డు చేసేటప్పుడు మెల్లగా వినిపించే హెచ్చు ధ్వనుల్ని పెంచి టేపుకెక్కించాలి, వినేటప్పుడు సరిగ్గా అంతే తగ్గించాలి. ధ్వని యథాస్థితికి వస్తుంది, దానితోపాటు టేపు బుస కూడా తగ్గుతుంది. ఇదీ సూత్రం. ఇళ్ళల్లో వాడే డాల్బీ బి 1968లో వచ్చింది. 144లో ఉన్నది అదే. దాని తర్వాతి 244లో డిబిఎక్స్ అనే మరో పద్ధతి పెట్టారు. ఒక పద్ధతిలో ఎక్కించినదాన్ని ఇంకో పద్ధతిలో వింటే కుదరదు. అందుకే క్యాసెట్టు అట్టమీద ఏ పద్ధతో, ఏ వేగమో అప్పుడే రాసుకోవాలి.

టోన్: పెంచే ముందు తగ్గించి చూడండి

ట్రిమ్ కింద సాధారణంగా రెండు టోన్ నాబ్‌లు ఉంటాయి, బాస్, ట్రెబుల్. మధ్యలో ఉంటే ఏ మార్పూ ఉండదు. కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తిప్పితే తగ్గుతుంది. మన పాత టేప్‌రికార్డర్లలో, స్టీరియో ఆంప్లిఫయర్లలో చూసిన నాబ్‌లే ఇవి. ఇలా మధ్యనుంచి రెండువైపులా సాఫీగా తిరిగే టోన్ సర్క్యూట్‌ని రూపొందించినవాడు పీటర్ బాక్సాండల్ అనే ఇంగ్లీష్ ఇంజనీరు. మాల్వర్న్ ఊళ్ళోని రాడార్ పరిశోధన సంస్థలో ఆయన ఉద్యోగం. 1952 అక్టోబర్ ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఆ సర్క్యూట్‌ని బొమ్మతో సహా ప్రచురించాడు. అది చూసి ప్రపంచమంతా చేసుకుంది.

వాడకంలో ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. గొంతు వినపడకపోతే గొంతుని పెంచకండి. దానికి అడ్డొచ్చేదేదో చూసి దాన్ని తగ్గించండి. మగగొంతు, హార్మోనియం కింది స్థాయిలో ఒకే చోట పోట్లాడుకుంటాయి. హార్మోనియం బాస్‌ని కొంచెం తగ్గిస్తే గొంతు తనంతట తానే ముందుకి వస్తుంది. శ్రుతిపెట్టె ట్రెబుల్ తగ్గిస్తే తాళాల గలగలకి చోటు దొరుకుతుంది. ఉన్న నాలుగు ట్రాకుల్లో ఎవరికి వాళ్ళు నిండుగా వినిపించాలనుకుంటే చివరికి ఎవరూ సరిగ్గా వినిపించరు.

రికార్డు చేసేటప్పుడు తిప్పిన టోన్ టేపుకెక్కిపోతుంది. తర్వాత దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేం. కాబట్టి ఎక్కించేటప్పుడు నాబ్‌లు మధ్యలోనే ఉంచి, దిద్దుబాట్లన్నీ చివరి మిక్సింగ్‌కి వదిలెయ్యడం మంచిది. దీనికి ఒక్క మినహాయింపు ఉంది, అది బౌన్సింగ్ దగ్గర చెబుతాను.

పాన్: ఒకే నాబ్, రెండు పనులు

శబ్దం ఎడమ స్పీకర్లోంచి రావాలా, కుడి దాంట్లోంచా, నడిమధ్యనా అని నిర్ణయించేది పాన్. రెండు స్పీకర్ల మధ్య శబ్దాన్ని ఒక చోట ‘నిలబెట్టవచ్చు’ అని చూపించినవాళ్ళలో ప్రముఖుడు లండన్‌లో పుట్టిన అలన్ బ్లుమ్లీన్. ఇ.ఎం.ఐ. ఇంజనీరుగా ఉంటూ 1931 డిసెంబర్‌లో స్టీరియో ధ్వనికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. సినిమాలో తెరమీద మనిషి ఒక పక్క ఉంటే గొంతు ఇంకెక్కడినుంచో రావడం ఆయనకి నచ్చలేదని చెబుతారు. 1942 జూన్‌లో రాడార్ పరీక్ష కోసం ఎక్కిన విమానం కూలి ఆయన చనిపోయేనాటికి వయసు 38. స్టీరియో రికార్డులు మార్కెట్లోకి రావడం ఆయన చూడలేదు.

క్యాసెట్ మల్టీట్రాక్‌లో పాన్‌కి రెండో పని కూడా ఉంది, తికమకపెట్టేది అదే. చాలా మోడళ్ళలో రికార్డు చేసేటప్పుడు శబ్దం ఏ ట్రాకుకి వెళ్ళాలో చెప్పేది కూడా పానే. ఎడమకి తిప్పితే 1, 3 ట్రాకులకి, కుడికి తిప్పితే 2, 4 ట్రాకులకి. మీటరు ఆడుతోంది, హెడ్‌ఫోన్లో వినిపిస్తోంది, టేపు మీద మాత్రం ఏమీ లేదు అంటే నూటికి తొంభైసార్లు పాన్ తప్పుడు వైపు ఉండి ఉంటుంది. రికార్డింగ్‌లో పాన్ దారి చూపిస్తుంది, మిక్సింగ్‌లో చోటు చూపిస్తుంది. ఈ రెండు పనుల్ని విడదీసి గుర్తుంచుకుంటే యంత్రం సగం అర్థమైనట్టే.

క్యూ: పాడేవాళ్ళ కోసం వేరే మిక్స్

టేప్ క్యూ అని నాలుగు చిన్న నాబ్‌లు విడిగా ఉంటాయి. ముందు ఎక్కించిన ట్రాకులు హెడ్‌ఫోన్లో ఎంతెంత వినిపించాలో ఇవి చూసుకుంటాయి. వీటిని ఎలా తిప్పినా టేపు మీద ఏమీ మారదు. కాబట్టి పాడేవాళ్ళు ఏది అడిగితే అది ఇవ్వండి. శ్రుతి ఎక్కువ కావాలంటే ఎక్కువ, తబలా వద్దంటే తీసెయ్యండి. గొంతు బిగుసుకుపోతున్న గాయనికి చాలాసార్లు కావలసింది ఇంకో టేక్ కాదు, చెవిలో ఇంకొంచెం శ్రుతి.

బౌన్సింగ్: ఇక వెనక్కి రాని చోటు

మూడు ట్రాకులు నిండిపోయాయి, ఇంకా కోరస్ మిగిలే ఉంది. అప్పుడేం చెయ్యాలి? 1, 2, 3 ట్రాకుల్ని కలిపి ఖాళీగా ఉన్న 4లోకి ఎక్కించాలి. తర్వాత ఆ మూడింటినీ చెరిపి మళ్ళీ వాడుకోవాలి. దీన్నే బౌన్సింగ్ అంటారు, పింగ్‌పాంగ్ అని కూడా. ఈ పద్ధతికి ఇక్కడ ఘనమైన వంశమే ఉంది. 1967లో వచ్చిన బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ని లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో నాలుగు ట్రాకుల యంత్రాల మీదే చేశారు. నాలుగూ నిండగానే వాటిని కలిపి రెండో యంత్రంలోకి తక్కువ ట్రాకులుగా ఎక్కించి, మిగిలిన చోటులో కొత్తవి చేర్చేవారు. వాళ్ళకి అంగుళం వెడల్పు టేపు ఉండేది. మనకి ఉన్నది నాలుగు మిల్లీమీటర్లైనా లేని క్యాసెట్టు టేపు.

ఒక తెలివైన వరస పాటిస్తే ఈ నాలుగు ట్రాకుల మీద పది భాగాలు పట్టించవచ్చు. ఏ ఒక్కటీ ఒకసారి కంటే ఎక్కువ కాపీ కాదు. ఉగాది కార్యక్రమానికి ఒక పాట చేస్తున్నారనుకుందాం.

ముందు 1, 2, 3 ట్రాకుల్లో శ్రుతి, తబలా, తాళాలు. ఈ మూడింటినీ 4లోకి పంపుతూ, అదే సమయంలో హార్మోనియం ప్రత్యక్షంగా వాయించి కలిపెయ్యాలి. నాలుగు భాగాలు అయ్యాయి. ఇప్పుడు 1, 2లో ఇద్దరి కోరస్ గొంతులు, వాటిని 3లోకి పంపుతూ మూడోగొంతు పాడాలి. ఏడు భాగాలయ్యాయి. 1లో వేణువు, దాన్ని 2లోకి పంపుతూ వయొలిన్. తొమ్మిది. చివరికి మిగిలిన 1లో అసలు గొంతు. పది.

ఈ వరసలోనే అసలు పాఠం ఉంది. ముందు ఎక్కించినవి ముందే బందీ అవుతాయి. తబలా ఎక్కువైందని చివర్లో తెలిస్తే చెయ్యగలిగింది లేదు. దాన్ని తగ్గిస్తే శ్రుతీ తగ్గుతుంది, హార్మోనియమూ తగ్గుతుంది. రుబ్బిన పచ్చట్లోంచి మిరపకాయని వెనక్కి తియ్యలేం కదా. కాబట్టి దేనిమీద ఎక్కువ నమ్మకం ఉందో, దేన్ని మళ్ళీ ముట్టుకోనక్కర్లేదో దాన్ని ముందు పెట్టుకోవాలి. ఏది కీలకమో, చివరిదాకా చేతిలో ఉండాల్సిందేదో, దాన్ని చివరికి పెట్టుకోవాలి. పాటలో అది దాదాపు ఎప్పుడూ గొంతే.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. బౌన్స్ చేసేటప్పుడు గొంతు ఇంకా లేదు కాబట్టి వాద్యాల్ని మనకి తెలియకుండానే పెంచేస్తాం. లెవెల్స్ పెట్టేటప్పుడు పాటని పైకి కూనిరాగం తీస్తూ ఉండండి, అప్పుడు వాద్యాలు ఎంత ఉండాలో చెవికి తెలుస్తుంది. రెండోది, కాపీ అయిన ప్రతిసారీ టేపు ట్రెబుల్‌ని కొంత మింగేస్తుంది. కాబట్టి ఇక్కడ మాత్రం ట్రెబుల్ ఒక పిసరు ఎక్కువ పెట్టవచ్చు. ఇందాక అన్న మినహాయింపు ఇదే. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పాత ట్రాకులు చెరిపే ముందు టేపు వెనక్కి తిప్పి, కలిపినదాన్ని మొదటినుంచి చివరిదాకా వినండి. టీ తాగి వచ్చి మరోసారి వినండి. చెరిపాక ఉండేది అదొక్కటే.

చివరి మిక్స్, ఒక శ్రుతి కిటుకు

అన్నీ అయ్యాక నాలుగు ట్రాకుల్నీ రెండుగా, అంటే స్టీరియోగా, ఇంకో రికార్డర్లోకి ఎక్కించాలి. అసలు గొంతు, తబలా ఉన్న ట్రాకు నడుమ ఉంచి, కోరస్‌ని కాస్త ఎడమకి, వయొలిన్, వేణువు ఉన్నదాన్ని కాస్త కుడికి జరిపితే చాలు. ఎఫెక్ట్ సెండ్ నాబ్ ద్వారా గొంతుని కొంచెం బయటి రివర్బ్ యంత్రంలోకి పంపి, తిరిగి తెచ్చి కలపవచ్చు. వేళ్ళు ఫేడర్ల మీదే ఉండాలి. చరణం మొదట్లో మాట మింగేస్తే ఆ ఒక్క చోట కొద్దిగా ఎత్తి మళ్ళీ దించాలి. దీన్ని ఏ కంప్యూటరూ గుర్తుపెట్టుకోదు. తప్పితే మళ్ళీ మొదటినుంచి. మిక్సింగ్ కూడా వాయించడంలాంటిదే.

పిచ్ కంట్రోల్ అనే నాబ్ మన పాటలకి భలే పనికొస్తుంది. టేపు వేగాన్ని కొద్దిగా పెంచుతుంది, తగ్గిస్తుంది. వేగం సుమారు ఆరు శాతం మారితే స్వరం ఒక మెట్టు, మన లెక్కలో అర శ్రుతి, మారుతుంది. ఎప్పుడో ఎక్కించిన గొంతుకి ఇప్పుడు చేతిలో ఉన్న హార్మోనియం కలవకపోతే దీనితో సరిచేసుకోవచ్చు. లయ కూడా మారుతుందని మాత్రం మరిచిపోకండి.

అటకమీది క్యాసెట్ల సంగతి

ఇదంతా పాత సామాను మీద మోజు కోసం చెప్పడం లేదు. 1980లు, 90లలో ఇలాంటి పెట్టెలమీద పాడి దాచుకున్న క్యాసెట్లు ఇంకా ఇళ్ళల్లో ఉన్నాయి. వాటిని మామూలు టేప్‌రికార్డర్లో పెడితే గొంతు బొంగురుగా, సగం వేగంతో, ఒక స్థాయి కిందకి దిగి వినిపిస్తుంది. తిప్పి పెడితే వెనక్కి పాడుతుంది. టేపు పాడైపోయిందనుకుని పారేస్తారు. పాడవలేదు. రెట్టింపు వేగంతో, ఒకే దిశలో ఎక్కించారు కాబట్టి అలా వినిపిస్తోంది, అంతే.

అలాంటిది దొరికితే ముందుగా క్యాసెట్టు పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచెయ్యండి. ఇక దానిమీద పొరపాటున ఏదీ రికార్డు కాదు. తర్వాత అదే వేగం, అదే డాల్బీ లేదా డిబిఎక్స్ ఉన్న మల్టీట్రాక్ యంత్రం సంపాదించి, హెడ్‌లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. విడివిడి టేప్ అవుట్‌లు ఉంటే నాలుగు ట్రాకుల్నీ ఒకేసారి, కలపకుండా, నాలుగు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా కంప్యూటర్లోకి తీసుకోండి. రెండు రెండుగా తీస్తే టేపు ప్రతిసారీ ఒకే వేగంతో నడవదు కాబట్టి తర్వాత కలపడం కష్టం. యంత్రం దొరక్కపోతే మామూలు స్టీరియో డెక్‌లోనే రెండు వైపులా ఎక్కించి, కంప్యూటర్లో రెండోవైపుని తిరగేసి, వేగం రెట్టింపు చెయ్యవచ్చు. డిబిఎక్స్ వాడిన టేపైతే అలా తీసింది సరిగ్గా వినిపించదు, అయినా ఏమీ లేనిదానికంటే మేలు.

బ్రిటిష్ లైబ్రరీ 2017 నుంచి 2022 దాకా దేశమంతటా చెడిపోబోతున్న ధ్వని రికార్డుల్ని డిజిటల్‌లోకి మార్చే పెద్ద పథకం నడిపింది. మన అమ్మమ్మలు, మేనత్తలు పాడిన మంగళహారతుల క్యాసెట్టు ఏ లైబ్రరీ జాబితాలోనూ ఉండదు. ఆ పని మనదే. అందులో ఒక లాభం కూడా ఉంది. బౌన్స్ చెయ్యని టేపైతే, మామూలు క్యాసెట్టులా కాకుండా, గొంతు ఇంకా విడిగా ఒక ట్రాకులో ఉంటుంది. పక్కన తబలా లేదు, హార్మోనియం లేదు. మిగతా మూడు ఫేడర్లు కిందకి దించేస్తే ఆ మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది.